సూదా, గోలీనా, మాటా: డిప్రెషన్‌కు ఆక్యుపంక్చర్ ఎంచుకునే ముందు

మా పిన్ని వాకిట్లో ముగ్గు వెయ్యడం మానేసిందని బాబాయి ఫోన్లో చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. నెల తిరిగేసరికి సీరియల్స్ చూడటం మానేసింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేసింది. తెనాలి వెళ్ళి చూస్తే మనిషి సగమైపోయి ఉంది. "ఏమోనే, దేనిమీదా మనసు పోవడం లేదు. తెల్లారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, ఇక అంతే" అంది.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ముందే చెయ్యి అడ్డం పెట్టింది. "పిచ్చి డాక్టరు దగ్గరికి మాత్రం రాను. సూదులంటే వస్తా. పక్కింటావిడ మోకాళ్ళకి వేయించుకుంది, నిద్ర కూడా బాగా పడుతోందట."

అలా పిన్నిని హైదరాబాద్ తీసుకొచ్చి మూడు నెలలపాటు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఆ మూడు నెలల్లో చదివింది, ఆరా తీసింది, ఆవిడతో తిరిగి చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇంట్లో ఎవరికో ఇలా ఉండి, ఒకరు సూదులంటే ఇంకొకరు మాత్రలంటుంటే ఎటూ తేల్చుకోలేక కూర్చున్నవాళ్ళ కోసం ఇది.

ముందు మనిషి ఎంత లోతులో ఉన్నారో చూడండి

ఏది మంచిదన్నది అన్నిటికంటే ఎక్కువగా దీన్నిబట్టే తేలుతుంది. డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు: దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకే చులకన, ధ్యాస నిలవకపోవడం, కదలికల్లో మందకొడితనం లేదా కాలుగాలిన పిల్లిలా తిరగడం, చచ్చిపోతే బాగుండనిపించడం. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేసుకోవాలి. మొత్తం 27. 5 నుంచి 9 వస్తే స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 ఆపైన తీవ్రం. పిన్నికి నేనే చదివి వినిపించి మార్కులు వేశాను. 14 వచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. తర్వాత అది చాలా పనికొచ్చింది.

తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాక వేరే ఏది వచ్చినా, సూదుల సంగతి పక్కన పెట్టి ఆ రోజే సైకియాట్రిస్టుని కలవండి. 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. తిండి పూర్తిగా మానేసినా, మంచం దిగకపోయినా, లేనిపోని గొంతులు వినపడుతున్నాయన్నా కూడా నేరుగా ఆసుపత్రికే. ఒకప్పుడు రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో తిరిగి, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టిన చరిత్ర ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అది బైపోలార్, అంటే దిగులూ అతి హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు. దానికి మందుల దారే వేరు.

ఇంకో సంగతి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బీ12 లోపించినా మనిషి అచ్చం ఇలాగే డీలా పడతారు. ఏ చికిత్స మొదలుపెట్టినా ముందు ఈ రక్త పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తక్కువున్న మనిషికి పన్నెండు వారాలు సూదులు వేయించడం వృథా ఖర్చు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి ఏ చికిత్సా అందడం లేదు. అంటే సూది, గోలీ, మాట (అంటే కౌన్సెలింగ్) అని మనం మూడు దారులు లెక్కపెడుతుంటే, ఎక్కువమంది వెళ్ళేది నాలుగో దారిలో. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం. పోలిక చూసేటప్పుడు ఆ నాలుగోదాన్ని కూడా వీటితో కలిపి చూడండి. పిన్ని విషయంలో నన్ను సూదులకి ఒప్పించింది అదే.

సూదుల గదిలో ఏం జరుగుతుంది

పిన్ని మొదటిరోజు నా చెయ్యి వదల్లేదు. ఇంజక్షన్ సూది లాంటిది ఊహించుకుంది పాపం. ఆక్యుపంక్చర్ సూది వెంట్రుక కంటే కొంచెం లావు, పావు మిల్లీమీటరు ఉంటుందేమో. లోపల బోలుగా ఉండదు, అందులో మందేమీ ఉండదు. ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వేలితో టక్కున కొడితే దిగిపోతుంది. చీమ కుట్టినంత. తర్వాత సూదిని కొద్దిగా తిప్పుతారు. అప్పుడు ఆ చోట బరువుగా, జివ్వుమన్నట్టు ఉంటుంది. చైనా వైద్యులు దాన్ని 'దెచీ' అంటారు, సూది పట్టిందనడానికి గుర్తట.

నడినెత్తిన ఒకటి, కనుబొమల మధ్య బొట్టు పెట్టుకునే చోట ఒకటి, రెండు మణికట్ల లోపలి వైపు, మోకాలి కింద, పాదం మీద బొటనవేలికీ పక్క వేలికీ మధ్య. డిప్రెషన్‌కి ఎక్కువగా వాడే చోట్లు ఇవే. మొత్తం పదకొండు సూదులు లెక్కపెట్టాను. లైటు తగ్గించి ఇరవై అయిదు నిమిషాలు అలా వదిలేశారు. కొన్నిచోట్ల సూదులకి చిన్న వైర్లు తగిలించి సన్నటి కరెంటు ఇస్తారు, అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. బొట్టు దగ్గర సూది పెట్టుకుని పిన్ని పది నిమిషాలకే గురకపెట్టింది. నెలల తర్వాత పగటిపూట ఆవిడ కళ్ళు మూతపడటం అదే మొదటిసారి.

అసలు నేను గమనించింది వేరే ఉంది. సూదులు వెయ్యడానికి ముందు ఆ క్లినిక్ అమ్మాయి పావుగంటసేపు కూర్చుని అడిగింది. నిద్ర ఎలా ఉంది, కడుపు ఎలా ఉంది, ఏ వేళకి దిగులెక్కువ, ఏడుపొస్తుందా రాదా. నాలుక చూసింది, నాడి చూసింది. మూడో సిట్టింగులో పిన్ని తనంతట తనే చెప్పింది, కొడుకు కెనడా వెళ్ళినప్పటి నుంచి వంట ఎవరికోసం చెయ్యాలో తెలియడం లేదని. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. బాబాయికి కూడా.

ఇదంతా ఎలా పనిచేస్తుందంటే సంప్రదాయం ఒకటి చెబుతుంది, శాస్త్రం ఇంకొకటి చెబుతుంది. వాళ్ళది 'చీ' అనే ప్రాణశక్తి, అది పారే నాళాలు. ఆ నాళాలని శరీరంలో ఎవరూ కోసి చూపించలేదు. నరాలు ఉత్తేజితమై ఎండార్ఫిన్ల లాంటివి, అంటే నొప్పిని తగ్గించి హాయినిచ్చే ఒంట్లోని రసాయనాలు, విడుదలవుతాయని శాస్త్రజ్ఞులంటారు. ఎంచుకునేవాళ్ళకి ఈ చర్చ కంటే, ఫలితం వస్తుందా రాదా అన్నదే ముఖ్యం.

పరీక్షల్లో ఏం తేలింది

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. ఆక్యుపంక్చర్‌ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇదే పరిశోధనల కుప్పలోంచి తమకి కావలసింది ఏరుకుంటారు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పరీక్ష. 2013లో వెలువడింది. డిప్రెషన్ ఉన్న 755 మందిని చీటీలేసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి వారానికొకటి చొప్పున 12 వరకు ఆక్యుపంక్చర్ సిట్టింగులు. ఇంకో గుంపుకి అదే లెక్కన కౌన్సెలింగ్. మూడో గుంపుకి రెండూ లేవు, వాళ్ళ డాక్టరు మామూలుగా ఇచ్చే వైద్యమే. మొదటి రెండు గుంపులవాళ్ళు కూడా తమ మాత్రలూ డాక్టర్లనూ మానెయ్యలేదు, ఇవి వాటికి అదనం. మూడు నెలలకి చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే సూదులవాళ్ళకి పీహెచ్‌క్యూ-9లో సగటున రెండున్నర పాయింట్లు, కౌన్సెలింగ్‌వాళ్ళకి ఒకటిన్నర పైన ఎక్కువ తగ్గాయి. సూదికీ మాటకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది తిరిగేసరికి మూడో గుంపు కూడా దాదాపు వీళ్ళని అందుకుంది.

27లో రెండున్నర. పెద్ద సంఖ్యేం కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఊబిలోంచి కొన్ని నెలలు ముందు బయటపడటం ఆ మనిషికి చిన్న సంగతా?

కానీ ఇక్కడో చిక్కుంది. సూది వేయించుకున్న సంగతి సూది వేయించుకున్నవాళ్ళకి తెలుసు. నయమైంది సూది వల్లనా, వారం వారం ఒకరు ఓపిగ్గా పలకరించడం వల్లనా? ఇది తేల్చాలంటే ఉత్తుత్తి సూది కావాలి. అందుకు నాటకాల్లో కత్తిలా మొన పిడిలోకి జారిపోయే సూదులు చేశారు. కొందరు నిజమైన సూదులనే డిప్రెషన్‌కి సంబంధం లేని చోట్ల గుచ్చి చూశారు.

అమెరికాలోని అరిజోనాలో జాన్ అలెన్ అనే సైకాలజిస్టు బృందం ఈ రెండో పద్ధతి వాడింది. 1998లో 40 మందికి లోపు ఆడవాళ్ళ మీద చేస్తే, సరైన చోట్ల సూదులు వేసినవాళ్ళకి బాగా గుణం కనిపించింది. అందరికీ ఆశ పుట్టింది. వాళ్ళే 2006లో 151 మంది మీద ఇంకా పకడ్బందీగా చేశారు. ఈసారి ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవాళ్ళ కంటే సూదులవాళ్ళు మెరుగే, కానీ సరైన చోట గుచ్చినా కాని చోట గుచ్చినా ఒకటే అయింది. తమ ఆశని తామే పరీక్షించి, తేలినదాన్ని దాచకుండా అచ్చువేసిన ఆ బృందం మీద నాకు గౌరవం పెరిగింది.

గర్భిణుల విషయంలో మాత్రం కొంచెం మంచి కబురుంది. ఈ సమయంలో మాత్రలంటే ఎవరికైనా భయమే కదా. 2010లో వచ్చిన ఒక అమెరికన్ పరీక్షలో 150 మంది గర్భిణులు పాల్గొన్నారు. డిప్రెషన్‌కి ఉద్దేశించిన సూదులు వేసినవాళ్ళలో 63 శాతం మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి. వేరే చోట్ల సూదులు లేదా మసాజ్ అందుకున్నవాళ్ళలో 44 శాతం. ఇది ఒక్క పరీక్షే. అయినా గర్భిణి అయితే ఈ దారిని డాక్టరుతో కలిసి ఆలోచించడంలో తప్పులేదు.

ఇలాంటివన్నీ పోగేసి 2018లో, వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 64 పరీక్షలు, 7 వేల మందికి పైగా రోగుల లెక్క తీసింది. వాళ్ళు తేల్చింది ఇది: ఏమీ చెయ్యకపోవడం కంటే సూదులు ఓ మోస్తరుగా మేలు, ఉత్తుత్తి సూదులతో పోలిస్తే కొద్దిగానే మేలు, మాత్రలకి సాటి అవునో కాదో చెప్పలేం. పైగా చాలా పరీక్షల నాణ్యత తక్కువ. ప్రకటనల్లో "డిప్రెషన్‌కి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది" అని కనిపిస్తుంటుంది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో వచ్చిన ఒక నివేదికలో డిప్రెషన్ పేరున్న మాట నిజమే. ఆ నివేదిక చూసిన పరీక్షలు పైన చెప్పినవాటిలో చాలావాటి కంటే పాతవి.

నాకు అర్థమైనంతలో, ఆక్యుపంక్చర్ ఇచ్చేదాంట్లో పెద్ద భాగం ఆ వారానికో గంట. ఒక చోటుకి బయల్దేరి వెళ్ళడం, తాకే చెయ్యి, అడిగే గొంతు, కదలకుండా పడుకున్న ఇరవై అయిదు నిమిషాలు. సూది మొన ఇచ్చేది మిగతా కొంచెం. ఆ గంట మీకు ఇంకోలా దొరికితే సూది లేకపోయినా నష్టం లేదు. ఇంకోలా దొరక్కపోతే సూది మంచి సాకు.

మాత్రలు, వాటి మీద మన భయాలు

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సెటిన్. మన దగ్గర డిప్రెషన్‌కి మొదట రాసేవి ఎక్కువగా ఇవే. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 21 రకాల మందుల మీద 522 పరీక్షల, లక్షా పదహారు వేల మంది రోగుల లెక్క వచ్చింది. అన్ని మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే అని తేలింది. బ్రహ్మాండమైన తేడా ఏం కాదు, ఉత్తుత్తి మాత్రకి కూడా చాలామంది తేరుకుంటారు. కానీ ఇంత పెద్ద ఆధారం సూదికి లేదు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు ఈ తేడా ప్రాణం మీది మాట.

మాత్ర వేసిన మర్నాడే నవ్వు రాదు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. మొదటి వారం కడుపులో తిప్పడం, ఏదో ఆందోళన, నిద్ర తేడాలు ఉండొచ్చు. పాతికేళ్ళ లోపు వాళ్ళలో ఈ తొలి రోజుల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరిగే ప్రమాదముంది, ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. లైంగిక ఆసక్తి తగ్గడం చాలామందిలో ఉంటుంది, సిగ్గుపడి డాక్టరుకి చెప్పరు, మాత్ర మాత్రం మానేస్తారు. చెబితే మందు మారుస్తారు. మొదటి మందుతోనే పూర్తిగా తేరుకునేది దాదాపు ముగ్గురిలో ఒకరు. మిగతావాళ్ళకి మోతాదో మందో మార్చాల్సి వస్తుంది. ఒకటి పడలేదంటే అన్నీ పడవని కాదు.

"అలవాటైపోతాయి" అనే భయం మన ఇళ్ళల్లో ఎక్కువ. ఆ భయం అల్ప్రాజొలామ్ లాంటి నిద్రమాత్రల నుంచి వచ్చింది. వాటికి అలవాటు పడటం నిజమే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగేవాళ్ళున్నారు. ఎస్సిటాలోప్రామ్ ఆ జాతి కాదు. దానిమీద యావ పుట్టదు. కానీ టక్కున ఆపితే ఒళ్ళు ఊరుకోదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇది పిన్ని దగ్గర కళ్ళారా చూశాను. సూదులతో రెండు వారాల్లో స్కోరు 14 నుంచి 11కి దిగి అక్కడే ఆగిపోయింది. మూడో వారంలో ఎలాగోలా బతిమాలి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను, 'నిద్ర డాక్టరు' అని చెప్పి. మాత్ర మొదలైంది, సూదులూ కొనసాగాయి. తొమ్మిదో వారానికి ముగ్గు వేస్తానని పిండి అడిగింది. అంతలో ఒకరోజు తల తిరుగుతోందంది. తలలో కరెంటు కొట్టినట్టు జిలుక్కుమంటోందంది. రాత్రంతా నిద్ర లేదు. బీపీ చూపించాం, బాగానే ఉంది. నాకెందుకో అనుమానం వచ్చి మాత్రల స్ట్రిప్ తీసి లెక్కపెడితే, ఉండాల్సినవాటి కంటే అయిదు ఎక్కువున్నాయి. "ఆవిడే ఆపెయ్యమంది. ఇంగ్లీషు మందులుంటే సూదులు పనిచెయ్యవంది" అని నెమ్మదిగా చెప్పింది. ఆవిడంటే అదే క్లినిక్‌లో పెద్దావిడ, మొదట్లో ఓపిగ్గా అడిగిన అమ్మాయి కాదు. సైకియాట్రిస్టుకి ఫోన్ చేస్తే మాత్ర మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మూడు రోజుల్లో సర్దుకుంది. క్లినిక్ మార్చేశాం.

యార్క్ పరీక్షలో సూదుల గుంపు వాళ్ళెవరినీ మాత్రలు ఆపమనలేదని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. సూదులకి వచ్చిన మంచి పేరులో ఆ మాత్రల వాటా కూడా ఉంది.

మాట

గోవాలో సంగత్ అనే సంస్థ చేసిన పని గురించి మన తెలుగువాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకి, సైకాలజీ డిగ్రీలు లేని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి కౌన్సెలింగ్ చేయించారు. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు. చిన్నప్పటి గాయాలు తవ్వడం లాంటివేం లేవు. మానేసిన పనుల్లో చిన్నదొకటి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టించడం, రోజుని కొద్దికొద్దిగా నింపడం, అంతే. మూడు నెలలకి వాళ్ళలో 64 శాతం తేరుకున్నారు. ఈ కౌన్సెలింగ్ లేనివాళ్ళలో 39 శాతం. 2017లో ఇది కూడా లాన్సెట్‌లో వచ్చింది. నా ఉద్దేశంలో మన దేశానికి సంబంధించి ఇంతకంటే ఉపయోగపడే పరీక్ష ఈ విషయంలో లేదు.

ఇబ్బందేమిటంటే తెలుగులో మాట్లాడే మంచి కౌన్సిలర్ దొరకడం. హైదరాబాద్, విశాఖ, విజయవాడ దాటితే కష్టం. ఉన్నవాళ్ళు కూడా సగం ఇంగ్లీషులో మాట్లాడితే పిన్నిలాంటి వాళ్ళు తలూపి వచ్చేస్తారు. టెలి మానస్ ఇక్కడ కొంత ఆదుకుంటుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ, విశాఖలో వాల్తేరు మానసిక ఆసుపత్రిలోనూ ఓపీ ఉంది. ఎర్రగడ్డ అంటే తిట్టుగా వాడే నోళ్ళు ఎన్ని ఉన్నా, అక్కడ వైద్యం చేసేది డాక్టర్లే.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండ్‌లో అయితే మాటల చికిత్సకి డాక్టరు చీటీ లేకుండా అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మీ అంతట మీరే పేరు ఇచ్చుకోవచ్చు. అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆక్యుపంక్చర్‌కి డబ్బులిస్తుంది కానీ దీర్ఘకాలపు నడుంనొప్పికి మాత్రమే, 2020 నుంచి. డిప్రెషన్‌కి ఇవ్వదు.

నడక

ఇది చెబితే ఎవరూ వినరు, చవక కాబట్టి. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 పరీక్షలు కలిపి చూస్తే నడక లేదా జాగింగ్, యోగా, బరువులెత్తే వ్యాయామం మంచి ఫలితమిచ్చాయి. మంచం దిగలేని మనిషిని "వాకింగ్‌కి వెళ్ళు, అంతా సర్దుకుంటుంది" అనడం మాత్రం మొండి మాట. మాత్రో మాటో సూదో మనిషిని గుమ్మం దాకా తెచ్చాక నడక పనికొస్తుంది.

డబ్బు లెక్క

మాకైన ఖర్చు చెబుతా. సిట్టింగుకి 600 చొప్పున పన్నెండుకి 7,200. ఆటోకి రానూపోనూ 300, పన్నెండుసార్లు 3,600. మొత్తం 10,800. మాత్రలు నెలకి 270 చొప్పున ఆరు నెలలకి 1,620, సైకియాట్రిస్టు ఫీజు 700 చొప్పున మూడుసార్లు 2,100. కలిపితే 3,720. జన ఔషధి షాపులో కొంటే ఇంకా తగ్గేది. ప్రభుత్వాసుపత్రిలో అయితే మాత్రలు ఉచితం. అంటే మా ఇంట్లో మూడు నెలల సూదుల ఖర్చు ఆరు నెలల మాత్రల ఖర్చుకి మూడు రెట్లు దగ్గర. డబ్బు ఇబ్బందిగా ఉండి ఏదో ఒక్కటే చెయ్యగలిగితే ఏది వదలాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మరి ఎవరికి ఏది

స్కోరు 5 నుంచి 9 మధ్య ఉంటే మాత్రల తొందర అక్కర్లేదు. మాట, నడక, వాటితోపాటు ఇష్టమైతే సూదులు. ఈ మెట్టు మీద ఆక్యుపంక్చర్‌ని ఒంటరిగా ప్రయత్నించినా నేను అడ్డుచెప్పను, ఆరు వారాల గడువు పెట్టుకుంటే చాలు.

10 నుంచి 14 అయితే డాక్టరుకి చూపించాలి. మాటకో మాత్రకో మనిషి ఒప్పుకుంటే అదే మొదట. ఒప్పుకోకపోతే, పిన్నిలా, సూదితో మొదలుపెట్టించి అటునుంచి నరుక్కురావచ్చు. ఆక్యుపంక్చర్‌కి మన ఊళ్ళల్లో ఉన్న అసలు బలం ఇదే అనిపిస్తుంది నాకు. దానిమీద మచ్చ లేదు. నడుంనొప్పికి, మోకాళ్ళకి, పార్శ్వపు నొప్పికి అని చెప్పుకుని తలెత్తుకుని వెళ్ళొచ్చు. ఒంట్లో నొప్పులు కూడా ఉన్నవాళ్ళకైతే రెండిటికీ కలిసొస్తుంది.

15 దాటితే మాత్ర, మాట తప్పనిసరి, సూది వాటి పక్కన మాత్రమే. 20 దాటితే ముందు సైకియాట్రిస్టు. సూదుల గురించి నెల తర్వాత ఆలోచించొచ్చు.

మాత్రలు వాడుతున్నా సగమే తగ్గి ఆగిపోయినవాళ్ళు, మందు పెంచితే దుష్ఫలితాలు తట్టుకోలేనివాళ్ళు సూదులు కలిపి చూడటం సబబే. డాక్టరుకి చెప్పి చెయ్యండి.

సూది వేసే చెయ్యి

మన దేశంలో ఆక్యుపంక్చర్ కథ కోట్నీస్ వెళ్ళిన బృందంతోనే ముడిపడి ఉంది. 1938లో చైనాకి వెళ్ళిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయాడు. తిరిగొచ్చిన వాళ్ళలో ఒకరైన విజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. ఇంత చరిత్ర ఉన్నా అజమాయిషీ మాత్రం ఆలస్యం. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని చికిత్సా పద్ధతిగా గుర్తించింది, 2019లో స్వతంత్ర విధానమంది. మహారాష్ట్రలో చట్టం చేసి కౌన్సిల్ పెట్టారు. అన్నిచోట్లా అలాంటిది లేదు కాబట్టి, వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళూ బోర్డు పెట్టేస్తుంటారు.

బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివినవాళ్ళయితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ చదువు, అందులో ఆక్యుపంక్చర్ ఒక భాగం. లేదా ఎంబీబీఎస్ తర్వాత ఇది నేర్చుకున్నవాళ్ళు. చదువేమిటని మొహమాటపడకుండా అడగండి. సూదుల ప్యాకెట్ మీ కళ్ళముందే చింపాలి, పని అయ్యాక డబ్బాలో పారెయ్యాలి. "మీ సూదులు మీకే దాచిపెడతాం" అంటే లేచి వచ్చెయ్యండి, హెపటైటిస్ బీ వచ్చేది అలాగే. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు సూదులు వద్దు. గర్భమైతే చెప్పాలి, కొన్ని చోట్లు వాళ్ళు వదిలేస్తారు. ఛాతీ మీద, భుజాల పైన లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది. చాలా అరుదు, కానీ డిప్రెషన్‌కి అక్కడ లోతుగా గుచ్చాల్సిన పనే లేదు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్ళు తిరుగుతాయి, రెండు ఇడ్లీలు తిని వెళ్ళండి. తెలిసినవాళ్ళు వేస్తే మొత్తం మీద ఇది భద్రమైనదే. బ్రిటన్‌లో 34 వేలకి పైగా సిట్టింగులు గమనించి 2001లో అచ్చువేసిన సర్వేలో ఒక్క తీవ్రమైన ప్రమాదం కూడా నమోదు కాలేదు.

అన్నిటికంటే ముందు ఫోన్లోనే ఒక ప్రశ్న అడగండి: "మా వాళ్ళు డిప్రెషన్ మాత్రలు వాడుతున్నారు, ఏం చెయ్యమంటారు?" "ఆపేసి రండి" అన్నవాళ్ళకి ఒక దణ్ణం పెట్టి ఫోన్ పెట్టెయ్యండి. "కొనసాగించండి, మీ డాక్టరుకి కూడా చెప్పండి" అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మేం రెండోసారి చేసింది అదే.

ఎప్పుడు ఆపాలి

మొదలుపెట్టే రోజు స్కోరు రాసుకోండి, రెండు వారాలకోసారి మళ్ళీ రాయండి. "కాస్త బాగానే ఉన్నట్టుంది" అనే మాటని నమ్మకండి, మన ఆశ మనతో అలా అనిపిస్తుంది. ఆరు సిట్టింగుల తర్వాత కనీసం అయిదు పాయింట్లు తగ్గకపోతే సూదులు ఈ మనిషికి సరిపోవడం లేదని లెక్క. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టించుకునే చోట ఈ లెక్క కుదరదు, అందుకే ప్యాకేజీలు వద్దు. స్కోరు పెరుగుతుంటే ఆరు వారాలు కూడా ఆగక్కర్లేదు. మాత్రలు మాత్రం తేరుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మా ఫ్రిజ్ తలుపు మీది అంకెలు ఇలా ఉన్నాయి: 14, 11, 11, 9, 7, మధ్యలో మాత్ర ఆపిన వారం 12, తర్వాత 8, 6. ఇందులో సూది వాటా ఎంత, మాత్ర వాటా ఎంత, రోజూ మా అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగిన నాలుగు రౌండ్ల వాటా ఎంత అని అడిగితే ఏ లెక్కల మాస్టారూ విడదీసి చెప్పలేడు.

పిన్ని తెనాలి వెళ్ళిపోయింది. మాత్ర వేసుకుంటోంది, సూదులు మానేసింది. అక్కడ ఎవరడిగినా మోకాళ్ళ కోసం హైదరాబాద్ వెళ్ళొచ్చానని చెబుతోంది. మొన్న ఎదురింటావిడ వచ్చి ఆ క్లినిక్ నంబరు అడిగిందట. రాసిస్తుంటే గొంతు తగ్గించి, "మోకాళ్ళకేనా వదినా, నిద్రకి కూడానా?" అందట.